రాయలసీమ ఎండల్లో ల్యాప్‌టాప్ అడాప్టరునూ బ్యాటరీనీ సురక్షితంగా వాడే విధానం

ల్యాప్‌టాప్‌తో పాటు వచ్చే చిన్న పుస్తకంలో, పరిసర ఉష్ణోగ్రత 35 డిగ్రీల సెల్సియస్ మించకూడదన్న వాక్యం ఎక్కడో ఒక మూల ఉంటుంది. కొన్ని కంపెనీలు ఆ హద్దును 40 వరకు పెట్టుకుంటాయి. కర్నూలు, అనంతపురం, కడపలలో ఏప్రిల్ మొదలుకొని తొలకరి పడేదాకా మధ్యాహ్నపు వేడి 40 దాటడం మామూలే. పై అంతస్తు మిద్దె గదిలో గాని, రేకుల ఇంట్లో గాని సాయంత్రం అయిదు దాటినా లోపలి వేడి ఆ అంకె నుంచి కిందికి దిగదు. అంటే ఏడాదిలో రెండు మూడు నెలలు మనం ఈ పరికరాన్ని తయారీదారు గీసిన గీత మీదనో, గీత దాటియో వాడుతున్నాం. దీనికి తోడు ఇక్కడి నేల రాతి నేల, పొడి నేల; వేసవిలో ఎర్తింగు బలహీనపడేది కూడా ఈ నేలలోనే. కాబట్టి ఈ వ్యాసంలో ఎర్తుకూ వేడికీ ఎక్కువ చోటు ఇచ్చి, మిగిలిన సంగతులను అవసరమైన మేరకే చెబుతున్నాను.

అడాప్టరు మీద రాసి ఉన్నది చదవడం

అడాప్టరు వెనుక అంటించిన చీటీలో రెండు వరుసలు ముఖ్యమైనవి. ఇన్‌పుట్ అని ఉన్నచోట సాధారణంగా 100 నుంచి 240 వోల్టులు, 50/60 హెర్ట్‌జ్ అని ఉంటుంది. మన ఇళ్లకు వచ్చే కరెంటు నామమాత్రంగా 230 వోల్టులు, 50 హెర్ట్‌జ్. రైలు బోగీలలోని చార్జింగ్ సాకెట్లలో చాలాచోట్ల వచ్చేది 110 వోల్టులే అయినా, అదే అడాప్టరు అక్కడ కూడా పనిచేయడానికి కారణం ఈ విశాలమైన పరిధే. అందువల్ల ఫ్రిజ్జుకు పెట్టినట్టు ల్యాప్‌టాప్‌కు ప్రత్యేకంగా స్టెబిలైజరు కొనవలసిన పని లేదు; ఆ డబ్బును ఎర్తింగు బాగు చేయించడానికి ఖర్చు పెట్టడం మేలని నా అభిప్రాయం.

రెండవ వరుస అవుట్‌పుట్. ఉదాహరణకు 19.5 వోల్టులు, 3.34 ఆంపియర్లు అని ఉంటే, రెండింటినీ గుణిస్తే 65 వాట్లు వస్తాయి. పాత అడాప్టరు పాడై వేరొకటి కొనేటప్పుడు వోల్టులు సరిగ్గా సరిపోవాలి; ఆంపియర్లు పాతదానితో సమానంగా గాని, ఎక్కువగా గాని ఉండాలి. ఎక్కువ ఆంపియర్లున్న అడాప్టరు ల్యాప్‌టాప్‌లోకి కరెంటును బలవంతంగా నెట్టదు. ల్యాప్‌టాప్ తనకు కావలసినంత మాత్రమే తీసుకుంటుంది. తక్కువ ఆంపియర్లున్నది పెడితే మాత్రం అది తన శక్తికి మించి పనిచేసి విపరీతంగా వేడెక్కుతుంది, లేదా ల్యాప్‌టాప్ దానిని గుర్తించి చార్జింగును నిరాకరిస్తుంది. గుండ్రటి పిన్ను ఉన్న అడాప్టర్లలో పిన్ను లోపలి భాగం ధనమా, వెలుపలి భాగం ధనమా అన్నది చీటీ మీద చిన్న బొమ్మగా ఉంటుంది. అది కూడా కలవాలి. పిన్ను రంధ్రంలో దూరినంత మాత్రాన అడాప్టరు సరిపోయినట్టు కాదు. డెల్, హెచ్‌పీ వంటి కంపెనీల అడాప్టర్లలో పిన్ను నడుమ సన్నని సూది వంటిది ఉంటుంది, ల్యాప్‌టాప్ దాని ద్వారానే అడాప్టరు వాట్లను తెలుసుకుంటుంది. ఆ సూది వంగినా విరిగినా, అడాప్టరు మంచిదైనప్పటికీ బ్యాటరీ చార్జి కాదు.

ఇప్పుడు వస్తున్న చాలా ల్యాప్‌టాప్‌లకు టైప్-సి అడాప్టర్లే ఉంటున్నాయి. ఇవి ల్యాప్‌టాప్‌తో ముందుగా మాట్లాడుకొని 5, 9, 15, 20 వోల్టులలో తగినదానిని ఎంచుకుంటాయి కనుక వోల్టేజి తప్పిపోయే భయం తక్కువ. అయితే కేబుల్ సంగతి మరచిపోకూడదు. మామూలు టైప్-సి కేబుల్ 3 ఆంపియర్ల వరకే, అంటే 20 వోల్టుల వద్ద 60 వాట్ల వరకే మోస్తుంది. 100 వాట్లు కావాలంటే 5 ఆంపియర్ల కేబుల్ అని దాని మీద గాని, డబ్బా మీద గాని స్పష్టంగా రాసి ఉండాలి.

అదే చీటీ మీద భారతీయ ప్రమాణాల సంస్థ గుర్తు, దాని కింద ఆర్ అక్షరంతో మొదలయ్యే నమోదు సంఖ్య, ఐఎస్ 13252 అన్న ప్రమాణం సంఖ్య ఉన్నాయో లేదో చూడాలి. ఆ నమోదు సంఖ్యను ఫోనులోని బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే అది ఏ తయారీదారుకు, ఏ వస్తువుకు ఇచ్చిన సంఖ్యో తెలుస్తుంది. అడాప్టరు సంఖ్య కొడితే మరో వస్తువు పేరు కనిపించిందంటే, దానిని ఆ దుకాణంలోనే వదిలి రావడం మంచిది. చవకరకం నకిలీ అడాప్టర్లలో అసలు ప్రమాదం అవి త్వరగా పాడవడం కాదు. మంచి అడాప్టరు లోపల 230 వోల్టుల భాగానికీ, 19 వోల్టుల భాగానికీ నడుమ కొన్ని మిల్లీమీటర్ల ఎడమూ, దృఢమైన ఇన్సులేషనూ ఉంటాయి. చౌకలో తయారు చేసేవాళ్లు మొదట తగ్గించేది దానినే. ఆ ఎడం తెగిన రోజున ఇంటి కరెంటు నేరుగా ల్యాప్‌టాప్ లోహపు ఒంటిదాకా వస్తుంది.

ఒంటికి జివ్వుమంటే

చార్జింగులో ఉన్న లోహపు ల్యాప్‌టాప్ మీద ముంజేయి ఆనించినప్పుడు జివ్వుమన్నట్టు గాని, పైన వేలు రాస్తే గరగరలాడినట్టు గాని అనిపించడం చాలామందికి అనుభవమే. అడాప్టరు లోపల విద్యుత్ రొదను అణచడానికి అమర్చే చిన్న కెపాసిటర్ల (విద్యుత్తును కాసేపు నిల్వ ఉంచుకునే భాగాల) గుండా అతి స్వల్పమైన కరెంటు, మామూలుగా ఒక మిల్లీ ఆంపియరుకు ఎంతో తక్కువ, అవతలి వైపుకు చేరుతుంది. మూడు పిన్నుల ప్లగ్గులో పైనున్న లావుపాటి పిన్ను ఆ కరెంటును భూమిలోకి పంపించడానికే ఉంది. సాకెట్టులో ఎర్తు లేకపోతే అది మన ఒంటి ద్వారా దారి వెతుక్కుంటుంది. ఆ కాస్త కరెంటు మాత్రం ప్రాణం తీసేది కాదు. కానీ ఆ జివ్వుమనడం ఇంట్లో ఎర్తింగు పనిచేయడం లేదని ముందుగా తెలియజేస్తుంది. అదే సాకెట్టులో రేపు కూలరో, గ్రైండరో పెట్టినప్పుడు వచ్చే దెబ్బ ఇంత చిన్నదిగా ఉండదు.

కారణం ఎక్కడుందో తేల్చుకోవడానికి ఒక సులువైన మార్గం ఉంది. అదే అడాప్టరును ఎర్తు బాగున్నదని తెలిసిన మరోచోట, ఆఫీసులోనో, కొత్తగా వైరింగు చేయించిన బంధువుల ఇంట్లోనో పెట్టి చూడాలి. అక్కడ జివ్వుమనడం ఆగిపోతే లోపం మన సాకెట్టుది. మూడు పిన్నుల అడాప్టరే అయి ఉండి, అక్కడ కూడా అలాగే ఉంటే లోపం అడాప్టరులోనో, దాని వైరులోనో ఉన్నట్టు, దానిని ఇక వాడకూడదు. రెండు పిన్నులే ఉండి, చీటీ మీద ఒక చదరంలో మరో చదరం ఉన్న గుర్తు కనిపించే అడాప్టర్లు ఎర్తు అవసరం లేకుండా రెట్టింపు ఇన్సులేషన్‌తో తయారైనవి. వాటితో కొద్దిగా జివ్వుమనడం ఎక్కడైనా ఉండవచ్చు. అయితే మూడు పిన్నులున్న ప్లగ్గును రెండు పిన్నుల సాకెట్టులో పెట్టడానికి మధ్యలో తొడుగు వాడడం, లేదా లావుపాటి పిన్నును కోసివేయడం మాత్రం ఎప్పుడూ చేయరాదు. టెస్టరులోని చిన్న దీపం ఫేజు ఎక్కడుందో చెబుతుందే తప్ప ఎర్తు ఉన్నదో లేదో చెప్పదు. ఎలక్ట్రీషియను చేత పరీక్ష చేయించడమే సరైనది.

ఎర్తు గుంతను గురించి రెండు మాటలు. ఇనుప పైపును భూమిలో దించి, చుట్టూ ఉప్పు, బొగ్గులు పోసి పూడ్చే పాత పద్ధతి మన ఇళ్లలో ఇంకా ఎక్కువగా కనిపిస్తుంది. ఈ ఏర్పాటు నేలలోని తేమ మీదే ఆధారపడి పనిచేస్తుంది. దేశంలో వాన తక్కువగా కురిసే జిల్లాలలో ఒకటైన అనంతపురంలో, మొరం నేలలో, వేసవి నడిమికి వచ్చేసరికి ఆ గుంత పూర్తిగా ఎండిపోయి కరెంటును భూమిలోకి సరిగా దించలేదు. ఎండాకాలమంతా వారానికి రెండు మూడు సార్లు గుంతలో బిందెడు నీళ్లు పోయడం, నాలుగైదేళ్లకు ఒకసారి ఉప్పు, బొగ్గులు మార్పించడం, పైపుకు బిగించిన తీగ తుప్పు పట్టిందేమో చూపించుకోవడం ఖర్చు లేని పనులు. అద్దె ఇళ్లలో ఉండేవారు ఈ మాట ఇంటి ఓనరుతో చెప్పి చేయించుకోవాలి.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఎర్తు లేదని చెప్పినప్పుడు కొందరు పనివాళ్లు సాకెట్టు లోపలే న్యూట్రలు తీగను, అంటే కరెంటు తిరిగి వెళ్లే తీగను, ఎర్తు పిన్నుకు కలిపి, పని అయిపోయిందని అంటారు. బయటి లైనులో ఎక్కడైనా న్యూట్రలు తెగితే, ఆ సాకెట్టుకు తగిలించిన ప్రతి లోహపు వస్తువు మీదికీ 230 వోల్టులు వచ్చే ఏర్పాటు అది. ఎవరు చేస్తామన్నా ఒప్పుకోవద్దు. మీటరు దగ్గర 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (లీకేజీని పసిగట్టే స్విచ్చి) ఒకటి పెట్టిస్తే, లీకేజీ జరిగిన క్షణంలోనే అది కరెంటును కత్తిరిస్తుంది.

సాకెట్టు, జంక్షన్ బాక్సు, వైరు

స్విచ్చి ఆపి, ప్లగ్గు పెట్టి, ఆ తరువాత స్విచ్చి వేయాలి. స్విచ్చి వేసి ఉండగానే ప్లగ్గు దూర్చినప్పుడు చిటుక్కుమని నిప్పురవ్వ కనిపించడానికి కారణం అడాప్టరు లోపలి కెపాసిటరు ఒక్కసారిగా నిండడం. అది ప్రమాదం కాకపోయినా రోజూ జరిగితే సాకెట్టు లోపలి ఇత్తడి రేకులు కాలి వదులవుతాయి. వదులైన సాకెట్టు వేడెక్కుతుంది, ప్లాస్టిక్కు పసుపు రంగుకు మారుతుంది, కాలిన వాసన వస్తుంది. ఆ గుర్తులు కనిపించిన సాకెట్టును మార్పించాలి.

విద్యార్థుల గదులలో అసలు సమస్య జంక్షన్ బాక్సు. ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీ హాస్టళ్లలోనైనా, అనంతపురం జేఎన్‌టీయూ చుట్టుపక్కల అద్దె గదులలోనైనా, నలుగురికి గోడ మీద ఒకే సాకెట్టు ఉంటే దానికి తగిలించిన బాక్సులోనే అందరి చార్జర్లూ ఉంటాయి. 6 ఆంపియర్ల బాక్సు 230 వోల్టుల వద్ద మోయగలిగినది సుమారు 1,380 వాట్లు. నాలుగు ల్యాప్‌టాప్‌లు, నాలుగు ఫోన్లు కలిపినా నాలుగు వందల వాట్లకు మించవు కనుక అవి ఆ బాక్సుకు బరువు కావు. అదే బాక్సులో 1,500 వాట్ల కెటిలో, అంతకన్నా పెద్ద ఇండక్షన్ స్టవ్వో పెట్టినప్పుడే తీగ లోపల కాలడం మొదలవుతుంది. ఎయిర్ కూలరు వాట్ల లెక్కలో చిన్నదే అయినా దాని మోటరు ఆగి మొదలైనప్పుడల్లా లైనులో చిన్న చిన్న కుదుపులు పుడతాయి. ల్యాప్‌టాప్ అడాప్టరును దానితో ఒకే బాక్సులో పెట్టకపోవడం మంచిది. ఇటువంటి కుదుపులను అడ్డుకునే స్పైక్ గార్డు అని అమ్మే బాక్సులు నిజంగా పనిచేయాలన్నా సాకెట్టులో ఎర్తు ఉండాలి.

వైరును అడాప్టరు చుట్టూ బిగించి చుట్టే అలవాటు వల్ల వైరు బయటికి వచ్చే మొదలు దగ్గర లోపలి పోగులు తెగుతాయి. మొదట కాస్త విడిచి, వెడల్పు ఉచ్చులుగా చుట్టి, వెల్క్రో పట్టీ వేసుకోవాలి. గోడ నుంచి అడాప్టరు దాకా ఉన్న లావు వైరులో రాగి కనబడితే టేపు చుట్టి సరిపెట్టుకోవడం కుదరదు. ఆ వైరు విడిగా దొరుకుతుంది కాబట్టి మార్చేయాలి. అడాప్టరు పెట్టెను మాత్రం విప్పకూడదు. ప్లగ్గు తీసిన తరువాత కూడా లోపలి కెపాసిటరులో దాదాపు 325 వోల్టులు కొంతసేపు నిలిచి ఉండవచ్చు.

కరెంటు పోయి వచ్చేటప్పుడు, ఉరుములు ఉరిమేటప్పుడు

కరెంటు పోవడం కన్నా, పోయిన కరెంటు తిరిగి వచ్చే క్షణమే పరికరాలకు కష్టమైనది. ల్యాప్‌టాప్‌లో బ్యాటరీ ఉన్నందువల్ల మనకున్న సౌకర్యం ఏమిటంటే, కరెంటు పోగానే ప్లగ్గు తీసివేసి, వచ్చాక అయిదు నిమిషాలు ఆగి, లైటు వెలుగూ ఫ్యాను వేగమూ నిలకడగా ఉన్నాయని చూసి తిరిగి పెట్టుకోవచ్చు. పల్లెలలో లో వోల్టేజి వచ్చినప్పుడు అడాప్టరు పనిచేస్తూనే ఉంటుంది గాని, అదే వాట్ల కోసం ఎక్కువ ఆంపియర్లు లాగవలసి వచ్చి మామూలు కన్నా వేడెక్కుతుంది. లైట్లు ఒక్కసారిగా మిరుమిట్లు గొలిపేంతగా వెలిగితే మాత్రం ఆలస్యం చేయకూడదు. వీధి లైనులో న్యూట్రలు తెగి, ఇంట్లోకి 230కి బదులు 400 వోల్టుల దాకా వచ్చే ప్రమాదం ఉంది. వెంటనే మెయిను ఆపి, విద్యుత్ పంపిణీ సంస్థ 1912 నంబరుకు ఫోను చేయాలి.

ఇన్వర్టరు మీద నడిపేటప్పుడు అది సైన్ వేవ్ రకమైతే, అంటే లైను కరెంటులాగే నునుపైన అలగా కరెంటు ఇచ్చేదైతే, చింత లేదు. పాత స్క్వేర్ వేవ్ ఇన్వర్టరు మీద అడాప్టరు గుంయ్‌మని మోగుతుంటే, అప్పుడు బ్యాటరీ మీదే పనిచేసుకోవడం ఉత్తమం.

మే నెల చివరి సాయంత్రాలలో ఎండ మండుతుండగానే మబ్బు కమ్మి, ఈదురు గాలితో పిడుగులు పడడం ఈ జిల్లాలలో ఏటా జరిగేదే. అప్పుడు స్విచ్చి ఆపితే చాలదు. స్విచ్చిలోని చిన్న ఎడాన్ని పిడుగుపాటు కరెంటు సులువుగా దాటుతుంది కనుక ప్లగ్గునే సాకెట్టు నుంచి బయటికి లాగాలి. ఇంటర్నెట్ వైరు నేరుగా ల్యాప్‌టాప్‌కు తగిలించి ఉంటే దానినీ తీయాలి. అయితే ఉరుము నెత్తి మీదికి వచ్చాక వైర్లు ముట్టుకోవడం కన్నా, దూరంగా వినిపించగానే తీసేయడం క్షేమం. పుణెలోని భారత ఉష్ణమండల వాతావరణ శాస్త్ర సంస్థ రూపొందించిన దామిని యాప్ దగ్గరలో పడే పిడుగుల గురించి ముందుగా హెచ్చరిస్తుంది.

వేడి

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని పెద్దలు అన్న ఊళ్లలో, లిథియం అయాన్ బ్యాటరీ ఆయువు గురించి మాట్లాడడమంటే వేడి గురించి మాట్లాడడమే. ఈ రకం బ్యాటరీలను సోనీ సంస్థ 1991లో తొలిసారి మార్కెట్టులోకి తెచ్చింది. అప్పటి నుంచి ఎంత మెరుగుపడినా రెండు స్థితులను మాత్రం అవి భరించలేవు: అధిక వేడి, ఎల్లప్పుడూ నిండుగా ఉండడం. రెండూ కలిస్తే నష్టం ఎంతగా పెరుగుతుందో ఈ రంగంలో తరచుగా ఉదహరించే ఒక లెక్క చెబుతుంది. 40 శాతం చార్జితో 25 డిగ్రీల వద్ద ఏడాది పాటు ఉంచిన బ్యాటరీలో తొలి సామర్థ్యంలో సుమారు 96 శాతం మిగులుతుంది. అదే బ్యాటరీని పూర్తి చార్జితో 40 డిగ్రీల వద్ద ఉంచితే ఏడాదికి మిగిలేది సుమారు 65 శాతమే. దానిని ఒక్కసారి కూడా వాడకపోయినా ఇది జరుగుతుంది.

అందుచేత ‘రోజంతా చార్జింగులో పెడితే బ్యాటరీ పాడవుతుందా’ అన్న ప్రశ్నకు నా జవాబు ఇది. ఎక్కువ కరెంటు ఎక్కి పేలిపోతుందన్న భయం అక్కర లేదు. ఒక్కో సెల్లు తన పరిమితిని, అంటే రకాన్ని బట్టి 4.2 నుంచి 4.4 వోల్టులను చేరగానే లోపలి సర్క్యూటు చార్జింగును ఆపివేస్తుంది. కానీ నూరు శాతం దగ్గర నిలిచి, కింద ప్రాసెసరు వేడి, పైన మిద్దె వేడి తగులుతూ ఉంటే లోపలి రసాయనాలు నెమ్మదిగా చెడిపోతాయి. ఆఫీసు పనికో, ఆన్‌లైన్ చదువుకో ల్యాప్‌టాప్‌ను ఎప్పుడూ ప్లగ్గులోనే ఉంచేవారు చార్జింగును 80 శాతం దగ్గర ఆపే ఏర్పాటు చేసుకోవాలి. లెనోవో వాంటేజ్‌లో కన్సర్వేషన్ మోడ్, మై ఆసుస్‌లో బ్యాటరీ హెల్త్ చార్జింగ్, హెచ్‌పీ ల్యాప్‌టాప్‌ల బయోస్‌లో (విండోస్ కన్నా ముందు తెరుచుకునే సెట్టింగుల తెరలో) బ్యాటరీ హెల్త్ మేనేజర్ అన్న పేర్లతో ఇది ఉంటుంది; డెల్‌లో కూడా బయోస్ నుంచి శాతాలను మనమే నిర్ణయించుకోవచ్చు. ఇదంతా ఒక్కసారి చేసే పని, ఈ వ్యాసంలోని సూచనలన్నిటిలో ఎక్కువ ఫలితాన్నిచ్చేది కూడా ఇదే.

వారానికోసారి పూర్తిగా ఖాళీ చేసి మళ్లీ నింపాలన్న సలహా పాత నికెల్ కాడ్మియం బ్యాటరీల కాలం నాటిది. కొత్త ల్యాప్‌టాప్‌ను మొదటి రోజు ఎనిమిది గంటలు చార్జి చేయాలన్నది కూడా అంతే. లిథియం బ్యాటరీ 20కీ 80కీ నడుమ తిరుగాడుతుంటే ఎక్కువ కాలం మన్నుతుంది. పరీక్ష రోజునో ప్రయాణం రోజునో నూరు దాకా నింపుకుంటే తప్పేమీ లేదు. నింపి, ఎండలో వదిలేయడమే తప్పు.

ఎక్కడ పెట్టి వాడాలన్నది తరువాతి విషయం. 65 వాట్లు ఇచ్చే అడాప్టరు తానుగా ఏడెనిమిది వాట్లను వేడి రూపంలో బయటికి వదులుతుంది, అది వెలుపలికి పోవడానికి గాలి కావాలి. పరుపు మీద, బొంత కింద, దిండు పక్కన పెడితే ఆ వేడికి దారి మూసుకుపోతుంది. ఈ విషయంలో మన ఇళ్లకు ఒక అనుకూలత ఉంది. కడప నల్లబండలు గాని, బేతంచెర్ల నాపరాళ్లు గాని పరచిన నేల వేడిని త్వరగా లాగుకుంటుంది, మంట అంటుకోదు. అడాప్టరు పెట్టడానికి ఇంతకన్నా మంచి చోటు లేదు, నేల తుడిచే వేళ తప్ప. చేయి ఆనించి పది సెకన్లు ఉంచలేనంత వేడిగా ఉంటే ప్లగ్గు తీసి చల్లారనివ్వాలి. ల్యాప్‌టాప్‌ను ఒడిలోని దుప్పటి మీద కాకుండా బల్ల మీదనో, చెక్క పలక మీదనో పెట్టుకోవాలి. కూలరుకు ఎదురుగా కూర్చుంటే హాయిగానే ఉంటుంది గాని, దాని నుంచి వచ్చే నీటి తుంపర కీబోర్డులోకీ సాకెట్టులోకీ చేరుతుంది. కాస్త పక్కకు జరగాలి. మన ఎర్రమట్టి దుమ్ము ఫ్యాను రెక్కల మధ్య పేరుకుంటే ల్యాప్‌టాప్ లోపలి వేడి అంతా బ్యాటరీ వైపుకే మళ్లుతుంది కనుక ఏడాదికి ఒకసారైనా, వేసవి మొదలయ్యే ముందు, లోపల శుభ్రం చేయించాలి.

మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు వరకు గదిలో వేడి తీవ్రంగా ఉంటే ఆ వేళ చార్జింగు పెట్టకుండా, తెల్లవారుజామునో, పొద్దున పూటో చార్జి చేసుకొని మధ్యాహ్నం బ్యాటరీ మీద తేలికపాటి పని చేసుకోవచ్చు. వీడియో ఎడిటింగు, ఆటలు వంటి బరువు పనులూ చార్జింగూ ఒకేసారి సాగడం ఆ వేళలో అన్నిటికన్నా చెడ్డది. ఎండలో నిలిపిన కారు లోపల 60 డిగ్రీలు దాటగలదు కనుక ల్యాప్‌టాప్‌ను పది నిమిషాల పనికైనా అందులో వదలరాదు. బ్యాగులో పెట్టేటప్పుడు మూత మూస్తే సరిపోదు; నిద్రావస్థలో ఉన్న ల్యాప్‌టాప్ అప్‌డేట్ల కోసం దానంతటదే మేలుకొని, గాలి ఆడని సంచిలో వేడెక్కుతుంది. కర్నూలు నుంచి హైదరాబాదుకో, అనంతపురం నుంచి బెంగళూరుకో బస్సెక్కే ముందు పూర్తిగా షట్‌డౌన్ చేయాలి. వేసవి సెలవులకు ల్యాప్‌టాప్‌ను నెలల తరబడి పక్కన పెట్టేవారు సగం చార్జి ఉంచి, ఆపి, ఇంట్లో చల్లని గదిలో దాచాలి. అటక మీద వద్దు.

బ్యాటరీ ఉబ్బినప్పుడు

టచ్‌ప్యాడు పైకి లేచినట్టు కనిపించడం, దానిని నొక్కితే క్లిక్కుమనకపోవడం, మూత సరిగా మూసుకోకపోవడం, బల్ల మీద పెడితే ల్యాప్‌టాప్ ఊగడం, ఇవన్నీ లోపలి బ్యాటరీ ఉబ్బిందనడానికి గుర్తులు. రసాయనాలు చెడిపోయి పుట్టిన వాయువులు సెల్లు సంచిలో చేరడమే ఈ ఉబ్బు. ల్యాప్‌టాప్ మామూలుగానే పనిచేస్తుండడం వల్ల చాలామంది నెలల తరబడి అలాగే వాడతారు. అలా వాడకూడదు. వెంటనే ఆపి, ప్లగ్గు తీసి, మళ్లీ చార్జింగు పెట్టకుండా సర్వీసు సెంటరుకు తీసుకుపోవాలి. ఆ లోగా నాపరాయి బండ మీద, కాగితాలూ బట్టలూ గ్యాసు సిలిండరూ లేని చోట ఉంచాలి. మూతను బలంగా నొక్కి మూయడం, బ్యాటరీకి సూదితో రంధ్రం చేసి గాలి తీయడం వంటి పనులు నిప్పును కోరి తెచ్చుకోవడమే. లోపలి పొరలు ఒకదానికొకటి తగిలితే పుట్టిన వేడి పక్క సెల్లుకు పాకి, అది దానికదే పెరుగుతూ పోతుంది. 2006లో డెల్ సంస్థ సోనీ సెల్లులున్న దాదాపు 41 లక్షల బ్యాటరీలను వెనక్కి తీసుకోవలసి వచ్చినప్పుడు, సెల్లుల లోపల మిగిలిపోయిన సన్నని లోహపు రేణువులే ఇటువంటి షార్టుకు కారణమని తేలింది.

బుస్సుమన్న చప్పుడు, తియ్యటి ఘాటు వాసన, పొగ, వీటిలో ఏది మొదలైనా ముందుగా గోడ దగ్గర స్విచ్చి గాని మెయిను గాని ఆపాలి. ఇంకా మంట రాకపోతే, చేతికి అందితే, ల్యాప్‌టాప్‌ను బయట సిమెంటు నేల మీద పెట్టి దూరం జరగాలి. మంట వచ్చాక ముట్టుకోకూడదు. కరెంటు పూర్తిగా తీసిన తరువాత మాత్రమే, దూరం నుంచి నీళ్లు పుష్కలంగా పోయవచ్చు. పొడి చల్లే సిలిండరు మంటను ఆపినా లోపలి వేడిని తగ్గించలేదు, ఆ వేడి తగ్గకపోతే మళ్లీ అంటుకుంటుంది. పొగలో హైడ్రోజన్ ఫ్లోరైడు వంటి విషవాయువులు ఉంటాయి కనుక పిల్లలనూ పెద్దవాళ్లనూ ముందు బయటికి పంపి, తలుపులూ కిటికీలూ తెరిచి, 101కి ఫోను చేయాలి. ఆరిపోయినట్టు కనిపించినా కొన్ని గంటల పాటు దానిని ఇంట్లోకి తేరాదు.

మార్చేటప్పుడు

బ్యాటరీ ఎంత అరిగిందో తెలుసుకోవడానికి విండోస్‌లో కమాండ్ ప్రాంప్టు ద్వారా బ్యాటరీ రిపోర్టు తెప్పించుకోవచ్చు. అందులో తయారైనప్పటి సామర్థ్యమూ, ఇప్పుడు పూర్తిగా నిండితే పట్టే సామర్థ్యమూ పక్కపక్కనే ఉంటాయి. మొదటిది 42,000, రెండవది 27,000 మిల్లీవాట్ గంటలైతే మిగిలింది 64 శాతం. మ్యాక్‌లో బ్యాటరీ హెల్త్ అన్నచోట చూడవచ్చు. సామర్థ్యం తగ్గడం ఒక్కటే అయితే, ఉబ్బు లేకుంటే, తొందర లేదు. ప్లగ్గు దగ్గర కూర్చొని పనిచేసేవారు ఇంకో ఏడాది గడపవచ్చు.

కొత్తది కొనేటప్పుడు పాత బ్యాటరీ మీది పార్టు నంబరు, వోల్టులు కలవాలి, ఐఎస్ 16046 ప్రమాణం గుర్తు ఉండాలి, తయారైన తేదీ వీలైనంత దగ్గరిదై ఉండాలి. ఎండలో వేడెక్కే గోడౌనులో రెండేళ్లు పడి ఉన్న బ్యాటరీ పేరుకే కొత్తది. పాత పెట్టెలో కొత్త సెల్లులు వేసి ఇస్తామనే చోట ఖర్చు తగ్గుతుంది గాని, ఒకదానితో ఒకటి సరిపోలని సెల్లులు, వాటి వేడిని సరిగా కొలవని సర్క్యూటు ఇంటికి వస్తాయి. ఆ బేరానికి నేను ఒప్పుకోను.

విమానంలో వెళ్లేవారు గమనించవలసింది ఒకటుంది. విడి బ్యాటరీలనూ పవర్ బ్యాంకులనూ చెకిన్ సామానులో వేయకూడదు, చేతి సంచిలోనే ఉంచుకోవాలి. 100 వాట్ గంటల లోపువాటికి ప్రత్యేక అనుమతి అక్కర లేదు, 160 వరకు విమాన సంస్థ అనుమతి కావాలి. వాట్ గంటలు రాసి లేకపోతే వోల్టులను ఆంపియర్ గంటలతో గుణించుకోవాలి: 11.4 వోల్టులు, 3.6 ఆంపియర్ గంటలైతే 41 వాట్ గంటలు. కర్నూలు విమానాశ్రయమున్న ఓర్వకల్లులో ఎక్కినా, కడపలో ఎక్కినా ఇదే నియమం.

తీసివేసిన పాత బ్యాటరీని మునిసిపాలిటీ చెత్త బండిలో వేస్తే, ఇతర చెత్తతో కలిసి నలిగినప్పుడు బండిలోనే అంటుకునే ప్రమాదం ఉంది. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాల ప్రకారం వాడేసిన బ్యాటరీలను తిరిగి సేకరించి శుద్ధికి పంపవలసిన బాధ్యత తయారీదారులది. కాబట్టి దాని మొనలకు టేపు అంటించి, కొత్త బ్యాటరీ బిగించిన సర్వీసు సెంటరులోనే అప్పగించి, తీసుకున్నట్టు బిల్లు మీద రాయించుకోవాలి.